సత్యమైన లెక్క

కృష్ణానది కుడిగట్టున ఉన్న అమరావతిలో ఒకనాడు మహాస్తూపం వెలసింది. దాదాపు రెండు వేల ఏండ్లనాటి ఆ స్తూపపు రాతిఫలకాలు కొన్ని అమరావతి ప్రదర్శనశాలలోను, కొన్ని చెన్నైలోను, మరికొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోను నేటికీ ఉన్నాయి. వాటి శిల్పసౌందర్యాన్ని చూసి పరవశించేవారు ఎందరో! కాని ఆ శిల్పాల అంచున బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో చెక్కిన చిన్న చిన్న పంక్తులను శ్రద్ధగా గమనించేవారు తక్కువ. ఎవరు దానం చేశారు, ఏమి దానం చేశారు అన్న రెండే విషయాలు ఆ పంక్తులలో ముఖ్యంగా కనిపిస్తాయి. విధికుడు అనే ఒక చర్మకారుడు తన తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకాన్ని సమర్పించినట్లు అక్కడి శాసనం ఒకటి తెలుపుతున్నది. పూర్ణఘటం ఇచ్చినవాని పేరు పూర్ణఘటం మీదనే ఉన్నది. ఇచ్చినదానికి, రాసినదానికి తేడా లేదు. అందువల్లనే ఇన్ని శతాబ్దాల తరువాత కూడ చరిత్రకారులు ఆ అక్షరాలను నమ్ముతున్నారు.

లెక్క రాయడం అంటే సాక్ష్యం చెప్పడమే. రాతి మీద చెక్కినా, తాటాకు మీద గీసినా, కంప్యూటరులో నమోదు చేసినా ఆ ధర్మం మారదు. ఈనాడు ఆసుపత్రిలో, చిన్న చికిత్సాకేంద్రంలో ఇచ్చే బిల్లు కూడ అటువంటి శాసనమే. ఎవరికి, ఏనాడు, ఏ చికిత్స, ఎంతసేపు, ఎవరు చేశారు అన్న విషయాలకు అది సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని నమ్మి, ఎదుట లేని మరొకరు డబ్బు చెల్లిస్తారు. ఆ మరొకరే బీమా సంస్థ. కొన్నిచోట్ల ఆ స్థానంలో ప్రభుత్వమే ఉంటుంది.

గుంటూరు సీమలో లెక్క విలువ తెలియనివారు లేరు. మిరపకాయలు ఎండిన తరువాత కల్లం నుంచి బస్తాలకెక్కి, గుంటూరు మిర్చి యార్డుకు చేరుతాయి. అక్కడ వాటిని టిక్కీలు అంటారు. రైతు తన టిక్కీని కాటా మీద పెట్టినప్పుడు రెప్ప వేయకుండా ముల్లును చూస్తాడు. తేమ పేరుతో తరుగు తీస్తే వాదిస్తాడు. తాలుకాయలు కలిశాయంటే కాయను విరిచి చూపిస్తాడు. కొనేవాడు ఒకవైపు, అమ్మేవాడు ఒకవైపు, నడుమ కాటా. ముగ్గురూ ఒకే చోట ఉంటారు. కాబట్టి మోసం జరిగినా పట్టుకోవడానికి వీలున్నది.

చికిత్స విషయంలో ఆ వీలు తక్కువ. శస్త్రచికిత్స జరిగితే శరీరం మీద కుట్ల గుర్తు మిగులుతుంది. మందు వాడితే ఖాళీ సీసా మిగులుతుంది. కాని ఫిజియోథెరపీ, మాట సరిచేసే స్పీచ్ థెరపీ, దైనందిన పనులు తిరిగి నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ వంటివి ముఖ్యంగా కాలంతోను, చేతి నైపుణ్యంతోను జరిగే సేవలు. పక్షవాతం వచ్చిన మనిషి చేతిని అరగంటసేపు పట్టుకొని కదిలించినవారు ఆ అరగంటను ఎవరికి చూపగలరు? గడిచిన కాలం జాడ వదలదు. అది రాసిన కాగితంలో మాత్రమే మిగులుతుంది. ఆ కాగితం అబద్ధమాడితే, నిజం చెప్పడానికి మరొక సాక్షి లేదు. బీమా మోసాలకు చిన్న చికిత్సాకేంద్రాలు సులభంగా లోనుకావడానికి మూలకారణం ఇదే.

ఈ ప్రాంతంలో ఎక్కడైనా జరగగల ఒక దృశ్యాన్ని ఊహించుకోవచ్చు. గుంటూరు నుంచి అమరావతికి పోయే దారిలో ఒక ఊరు. బస్సులు ఆగే చోట రెండు గదుల ఫిజియోథెరపీ కేంద్రం. ఒక గదిలో బల్ల, అల్ట్రాసౌండ్ యంత్రం, గోడకు కట్టిన కప్పీ, తాడు. రెండవ గదిలో నాలుగు కుర్చీలు, ఒక రిజిస్టరు. చదువు ముగించుకొని, అప్పు చేసి ఆ కేంద్రాన్ని తెరచిన యువతి, ఆమెకు సహాయంగా ఒక అమ్మాయి. అంతే సిబ్బంది. పత్తి తీసి తీసి నడుము పట్టేసిన కూలీలు, మిరపకోతలో గంటల తరబడి వంగి మెడలు బిగుసుకుపోయిన స్త్రీలు, మోకాలి మార్పిడి శస్త్రచికిత్స చేయించుకొన్న వృద్ధులు అక్కడికి వస్తుంటారు.

ఒకరోజు డెబ్బై ఏండ్ల రైతు ఒకరు కర్ర ఊతంగా మెట్లెక్కి వచ్చాడు. రెండు నెలల క్రితం గుంటూరులో ఆయన మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకుకు కంపెనీవారు చేయించిన బీమా తల్లిదండ్రులకు కూడ వర్తిస్తుంది. శస్త్రచికిత్స తరువాత ఇరవై రోజులు వ్యాయామ చికిత్స తీసుకోవాలని ఎముకల వైద్యుడు చెప్పాడు. పెద్దాయన పదకొండు రోజులు వచ్చాడు. ఇంతలో మిరపకోతలు మొదలయ్యాయి. కల్లం దగ్గర కాపలాకు మనిషి లేడని చికిత్స మానుకొన్నాడు.

"అమ్మా, మా వాడు ఫోను చేశాడు. ఇరవై రోజులకు బిల్లు పంపితే డబ్బు మొత్తం వస్తుందట. డాక్టరుగారు రాసింది కూడ ఇరవై రోజులే గదా! ఇరవైకి రాసి ఇవ్వు తల్లీ" అన్నాడాయన.

"మీరు వచ్చింది పదకొండు రోజులే గదా, తాతగారూ!" అన్నది ఆమె.

"తొమ్మిది రోజులు ఎక్కువ రాస్తే నీ సొమ్ము పోదు, నా సొమ్ము పోదు. కట్టేది కంపెనీవాడు. వచ్చినదాంట్లో నీ ఫీజు నువ్వు తీసుకో."

ఆమె కొంచెంసేపు ఊరుకొన్నది. అద్దె కట్టవలసిన తేదీ దగ్గరపడింది. తొమ్మిది రోజుల రుసుము చిన్న మొత్తమేమీ కాదు. పైగా అడిగినవాడు పరాయివాడు కాదు, తండ్రిని ఎరిగినవాడు.

"తాతగారూ, యార్డులో మీ నలభై కిలోల టిక్కీని ముప్పై అయిదని రాస్తే ఏమంటారు?" అని అడిగింది.

"దొంగలెక్క అంటాను."

"మరి ముప్పై అయిదు కిలోల టిక్కీని నలభై అని రాస్తే?"

పెద్దాయన జవాబు చెప్పలేదు. చేతికర్రను అటు నుంచి ఇటు మార్చుకొన్నాడు.

ఈ దృశ్యంలో దుర్మార్గులెవరూ లేరు. అదే గమనించవలసిన విషయం. బీమా మోసం అనగానే దొంగ ముద్రలు, రహస్య ముఠాలు మనసులో మెదలుతాయి. అటువంటివి లేకపోలేదు. కాని చిన్న కేంద్రాలలో మోసం ఎక్కువగా మొగమాటంతో మొదలవుతుంది. తెలిసినవారు అడిగారన్న దాక్షిణ్యం, నెలాఖరు ఇబ్బంది, ఎదుట కనిపించని సంస్థకు ఏ బాధా ఉండదన్న భ్రమ, ఈ మూడూ కలిసి కలాన్ని వంచుతాయి. మొదటిసారి వంగిన కలం రెండవసారి తేలికగా వంగుతుంది.

బీమా డబ్బు ఎవరిదో తెలుసుకోవాలంటే ఈ దేశంలో ఆరోగ్యబీమా వచ్చిన తీరును ఒకసారి స్మరించాలి. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం, 1948లో, కార్మికుల కోసం ఉద్యోగుల రాజ్యబీమా చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరిలో కాన్పూరు, ఢిల్లీ నగరాలలో ఆ పథకం అమలు మొదలయింది. అందులో కార్మికుని వేతనం నుంచి కొంత, యజమాని వాటాగా కొంత జమ అవుతుంది. 1986లో ప్రభుత్వరంగ బీమా సంస్థలు మెడిక్లెయిమ్ పాలసీని ప్రవేశపెట్టాయి. 1999 చట్టం ద్వారా బీమా రంగ నియంత్రణ సంస్థ ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉన్నది. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం ప్రారంభమై, క్రమంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా విస్తరించింది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా, 2019 తరువాత వై.ఎస్.ఆర్. ఆరోగ్యశ్రీగా, 2024లో తిరిగి ఎన్.టి.ఆర్. వైద్యసేవగా మారింది. 2018 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వం కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు రక్షణ కల్పించే ఆయుష్మాన్ భారత్ పథకాన్ని ఆరంభించింది.

పేర్లు ఏవైనా వీటన్నింటి వెనుక ఉన్న సూత్రం ఒక్కటే. వేయిమంది కొంచెం కొంచెంగా జమచేసిన సొమ్ము ఆపదలో ఉన్న పదిమందికి అక్కరకు రావాలి. ఊరి చెరువు వంటిది అది. ఒకడు రాత్రివేళ గండి కొట్టి తన చేనికి నీరు మళ్ళించుకొంటే ఆ రాత్రి ఎవరికీ తెలియకపోవచ్చు. చివరి మడికి నీరు అందనినాడు ఊరంతటికీ తెలుస్తుంది. "కట్టేది కంపెనీవాడు" అన్న మాట అందువల్ల నిజం కాదు. కంపెనీ చెల్లించినది మరుసటి ఏడాది ప్రీమియం రూపంలో అందరి మీదా పడుతుంది. ప్రభుత్వం చెల్లించినది పన్నుల రూపంలో ప్రజలందరూ మోస్తారు. పైగా చాలా పాలసీలకు ఒక పరిమితి ఉంటుంది. దొంగలెక్కతో వాడుకొన్న ప్రతి రూపాయి ఆ కుటుంబానికి మిగిలిన రక్షణ నుంచే తరుగుతుంది. రేపు ఇంటిలో ఎవరికైనా గుండెపోటు వచ్చినప్పుడు పరిమితి అయిపోయిందన్న మాట వినవలసినవారు ఆ ఇంటివారే.

చికిత్సాకేంద్రాలలో జరిగే అక్రమాలకు అనేక రూపాలున్నాయి. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజధనాన్ని ఉద్యోగులు అపహరించే పద్ధతులు నలభై అని లెక్కించాడు. నేటి బిల్లులను చూచి ఉంటే ఆయన పట్టికను పెంచవలసి వచ్చేదేమో! రోగి రాని రోజును వచ్చినట్లు రాయడం ఒకటి. పది నిమిషాల వ్యాయామాన్ని ముప్పై నిమిషాలుగా చూపడం మరొకటి. మీట నొక్కని యంత్రానికి రుసుము వేయడం, నలుగురిని ఒకచోట కూర్చోబెట్టి చేయించిన వ్యాయామాన్ని ఒక్కొక్కరికి విడివిడిగా చేయించినట్లు రాయడం, అర్హత లేని సహాయకుడు చేసిన పనికి అర్హత గలవారి సంతకం పెట్టడం, నెల మొదట్లోనే రోగిచేత ముప్పై గడులలో సంతకాలు చేయించడం ఇంకొన్ని. ఇంటి నుంచి వచ్చిపోయే రోగిని అవసరం లేకపోయినా ఆసుపత్రిలో చేర్చడం కూడ ఈ కోవలోనిదే. కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉంటేనే ఖర్చు చెల్లిస్తామన్న నిబంధన అనేక పాలసీలలో ఉండడం దీనికి అవకాశమిచ్చింది. రోగులను పంపినవారికి చాటుగా వాటా ఇవ్వడం వీటన్నింటికీ ఎరువు వంటిది. ఆ వాటాను రాబట్టుకోవడానికి అవసరం లేని చికిత్సలు పుట్టుకొస్తాయి.

మోసం డబ్బుతో ఆగిపోతే కొంత నయమే. కాని బిల్లు కోసం చికిత్స నడిచే స్థితి వచ్చినప్పుడు శరీరాలు బలి అవుతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎందరో పేద మహిళలకు చిన్న వయసులోనే అవసరం లేకుండా గర్భసంచి తొలగించారన్న ఆందోళన చెలరేగింది. చివరకు 2010 ప్రాంతంలో ఆరోగ్యశ్రీ కింద ఆ శస్త్రచికిత్సను ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేయవలసి వచ్చింది. తెలంగాణలో 2024లో ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి డబ్బు పొందడానికి, చేయని చికిత్సలకు బిల్లులు సృష్టించారన్న ఆరోపణపై పలు ప్రైవేటు ఆసుపత్రుల మీద సి.ఐ.డి. కేసులు నమోదయ్యాయి. నిధి పేరు వేరైనా తప్పు స్వభావం ఒక్కటే.

నమోదులోని అశ్రద్ధ కూడ మోసానికి తలుపు తెరుస్తుంది. కాగ్ సంస్థ 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చిన తన నివేదికలో ఆయుష్మాన్ భారత్ పథకాన్ని పరిశీలించింది. దాదాపు ఏడున్నర లక్షలమంది లబ్ధిదారుల పేర్లు 9999999999 అనే ఒకే ఫోను సంఖ్యకు జతపడి ఉన్నట్లు అందులో వెల్లడయింది. అదే వ్యవస్థలో మరణించినట్లు నమోదైన కొందరి పేరు మీద తరువాత కూడ చికిత్సలు జరిగినట్లు చూపిన ఉదంతాలు బయటపడ్డాయి. లబ్ధిదారుని గుర్తింపునకు ఫోను సంఖ్య ఆధారం కాదని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. అది నిజమే కావచ్చు. కాని రోగికి చేరని ఫోను సంఖ్య వల్ల ఒక నష్టమున్నది. తన పేరు మీద ఏమి రాశారో తెలుసుకొనే అవకాశం ఆ రోగికి పోతుంది.

ఇక్కడ మరొక లోతైన ప్రమాదం దాగి ఉన్నది. ఆ వృద్ధరైతు మోకాలు మూడు నెలల తరువాత కూడ సరిగా వంగడం లేదనుకొందాం. ఎముకల వైద్యుడు కాగితాలు చూస్తాడు. ఇరవై రోజులు చికిత్స జరిగినట్లు వాటిలో ఉంటుంది. అంత చికిత్స చేసినా ఫలితం లేదంటే లోపం మరెక్కడో ఉన్నదని అతడు భావించవచ్చు. అక్కరలేని పరీక్షలకు పంపవచ్చు. మత్తుమందిచ్చి మోకాలిని వంచే ఆలోచన కూడ చేయవచ్చు. నిజానికి కావలసినది తొమ్మిది రోజుల వ్యాయామం మాత్రమే. దొంగబిల్లు బీమా సంస్థతోనే కాదు, రేపటి వైద్యునితో కూడ అబద్ధమాడుతుంది. ఆ అబద్ధానికి మూల్యం రోగి తన శరీరంతో చెల్లిస్తాడు.

ఈ సమస్య ఒక్క ప్రాంతానికే పరిమితమైనది కాదు. అమెరికాలో అంతర్యుద్ధకాలంలో సైన్యానికి నాసిరకం సరుకులమ్మి బిల్లులు గుంజిన గుత్తేదారులను అరికట్టడానికి 1863లో ఒక చట్టం చేశారు. ఈనాడు ఆ దేశంలో వైద్యబిల్లుల మోసాలపై ప్రయోగించే ముఖ్యమైన ఆయుధం ఆ పాత చట్టమే. తెలుగునాట చదువుకొన్న ఫిజియోథెరపిస్టులు ఎందరో అక్కడ పనిచేస్తున్నారు. అక్కడ అడుగుపెట్టగానే వారు నేర్చుకోవలసినవాటిలో కాలాన్ని కొలిచి రాయడం ఒకటి. వృద్ధుల కోసం అక్కడి ప్రభుత్వం నడిపే మెడికేర్ బీమాలో ఎదురుగా ఉండి చేయించే చికిత్సను పదిహేను నిమిషాల చొప్పున లెక్కిస్తారు. కనీసం 8 నిమిషాలు చేయిస్తేనే ఒక అంశంగా బిల్లు రాయాలి. రెండవ అంశం రాయాలంటే మొత్తం 23 నిమిషాలు పూర్తికావాలి. జాడ వదలని కాలానికి వారు ఈ విధంగా ఒక కాటా ఏర్పాటు చేసుకొన్నారు.

అక్కడి ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2000 సంవత్సరంలో చిన్న వైద్యకేంద్రాల కోసం ప్రత్యేకంగా ఏడు సూత్రాలను ప్రకటించింది. తమ బిల్లులను తామే తనిఖీ చేసుకోవడం, పాటించవలసిన నియమాలను రాసి ఉంచడం, ఆ బాధ్యతను ఒకరికి అప్పగించడం, సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, తప్పు కనబడితే వెంటనే స్పందించి సరిదిద్దడం, సందేహం వచ్చినవారు భయం లేకుండా చెప్పగల వాతావరణం కల్పించడం, తప్పు చేసినవారిపై చర్య తీసుకోవడం అన్నవి ఆ ఏడు. పొరపాటున ఎక్కువ డబ్బు వచ్చినట్లు గుర్తిస్తే 60 రోజులలోగా తిరిగి చెల్లించాలన్న నియమం 2010 చట్టంతో వచ్చింది. తెలియక జరిగిన పొరపాటు వేరు, తెలిసి చేసిన మోసం వేరు. తెలిసిన తరువాత కూడ సరిదిద్దని పొరపాటు మాత్రం మోసంగా మారుతుంది. ఆ నియమంలోని అంతరార్థం ఇదే.

ఈ ఏడు సూత్రాలను రెండు గదుల కేంద్రంలో ఎలా పాటించడం? అది అసాధ్యమేమీ కాదు. దానికి పెద్ద యంత్రాంగం అక్కరలేదు. చికిత్స ముగిసిన వెంటనే, తరువాతి రోగి బల్ల మీదికి రాకముందే, రిజిస్టరులో వచ్చిన సమయం, వెళ్ళిన సమయం, చేసిన చికిత్స, చేసినవారి పేరు రాయాలి. సాయంత్రం గుర్తుచేసుకొని రాసేది జ్ఞాపకం. అప్పటికప్పుడు రాసేది సాక్ష్యం. రోగి సంతకం ఏ రోజుది ఆ రోజే తీసుకోవాలి. రాత తప్పితే ఒక గీత కొట్టి, పక్కన సరిచేసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. తెల్లరంగు పూసి కప్పిపుచ్చరాదు. రుసుముల పట్టికను అందరికీ కనిపించేటట్లు గోడమీద తెలుగులో వేలాడదీయాలి. బీమా ఉన్నవారికి ఒక ధర, లేనివారికి ఒక ధర ఉండరాదు. వారానికొకసారి ఐదారు బిల్లులు తీసి రిజిస్టరుతో పోల్చి చూసుకోవాలి. చికిత్స చేసేవారు, బిల్లు రాసేవారు ఒక్కరే అయినచోట నెలకొకసారి బయటి లెక్కల మనిషిచేత పరిశీలింపజేసుకోవాలి. ఆ పరిశీలనలో రోగుల ఆరోగ్య రహస్యాలు బయటకు పొక్కకుండా జాగ్రత్తపడాలి.

అన్నింటికంటె ముఖ్యమైన కావలి రోగి కన్ను. బిల్లు ఆయనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. "మీరు వచ్చినవి పదకొండు రోజులు, చేసినవి ఈ చికిత్సలు, అయినది ఇంత" అని చదివి వినిపించాలి. మిర్చి యార్డులో కాటాముల్లును చూసే రైతు ఆసుపత్రి కాగితాన్ని చూడకుండా సంతకం ఎందుకు పెట్టాలి? చదువురాని తల్లిదండ్రులకు ఆ కాగితాన్ని చదివి చెప్పగలవారు కళాశాలలో చదివే వారి పిల్లలే. తాతయ్య బిల్లును ఒకసారి వరుసగా చదివిన మనుమరాలు ఏ తనిఖీ అధికారికీ తీసిపోదు.

చట్టం తన వంతు పని తాను చేస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 318వ సెక్షను మోసానికి సంబంధించినది. మోసగించి ఆస్తిని పొందిన నేరానికి ఏడేండ్ల వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు. ఫిజియోథెరపీ వంటి వృత్తులవారి విద్యాప్రమాణాలను, నమోదును, నడవడిని నిర్దేశించడానికి 2021లో జాతీయ స్థాయిలో ప్రత్యేక చట్టం వచ్చింది. వృత్తికి గౌరవం కోరినవారు ఆ గౌరవానికి తగిన నడవడిని కూడ అంగీకరించినట్లే. అయితే శిక్ష తప్పు జరిగిన తరువాత వస్తుంది. తప్పు జరగకముందు అడ్డు నిలవగలిగినది మనిషి అలవాటు మాత్రమే. బీమా సంస్థలు కూడ ఈ విషయంలో తమ బాధ్యతను మరువరాదు. న్యాయమైన బిల్లును నెలల తరబడి ఆపి, అకారణంగా కోత విధిస్తే, ఆ కోతను ముందే ఊహించి లెక్క పెంచి రాసే దురలవాటు పుడుతుంది. నమ్మకం రెండువైపులా ఉన్నప్పుడే లెక్క నిలుస్తుంది.

ఆ రెండు గదుల కేంద్రంలో పెద్దాయన ఇంకా నిలబడే ఉన్నాడు. ఆ యువతి రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టింది. పదకొండు సంతకాలు వరుసగా ఉన్నాయి. పన్నెండవ గడి ఖాళీగా ఉన్నది.

"తాతగారూ, పదకొండు రోజులకు బిల్లు ఇప్పుడే ఇస్తాను. మిగిలిన తొమ్మిది రోజులు కూడ రండి. ఆ తొమ్మిది ఏ రోజువి ఆ రోజు రాస్తాను. గడువు దాటిన రోజులకు బీమావారు డబ్బు ఇవ్వకపోవచ్చు. అప్పుడు నా రుసుము మీకు వీలైనప్పుడు ఇద్దురుగాని. నాకు ఇరవై సంతకాలు ముఖ్యం కాదు. మీ మోకాలు వంగాలి" అన్నది.

పెద్దాయన బల్ల వైపు చూశాడు. గుమ్మం బయట ఎండలో నిలిపిన ఆటో వైపు చూశాడు.

"కల్లం దగ్గర మనిషిని పెట్టుకోవాలి" అని గొణుక్కొన్నాడు. తరువాత కర్రను గోడకు చేరవేసి మెల్లగా బల్లమీద కూర్చొన్నాడు. "కానీయమ్మా, ఇవాళ పన్నెండోది రాయి" అన్నాడు.

చికిత్స ముగిసేసరికి అరగంట పట్టింది. ఆమె గడియారం చూసి సమయం రాసింది. ఆయన కళ్లజోడు పెట్టుకొని ఆ పంక్తిని చదివి, దాని కింద సంతకం పెట్టాడు.

అమరావతి శాసనంలోని చర్మకారుడు ధనవంతుడో కాదో ఎవరికీ తెలియదు. తాను ఇచ్చినది ఒక ఫలకమని మాత్రం రాయించాడు. పది ఫలకాలని రాయించలేదు. ఇవ్వనిదానిని ఇచ్చినట్లు రాయించుకొన్నవాని పేరు రాతిమీద ఉన్నా అది కీర్తి అనిపించుకోదు. చేసినంత రాయడం, రాసినంత తీసుకోవడం చిన్న నియమాలుగా కనబడతాయి. కాని రోగి శరీరం, కుటుంబం ధైర్యం, వేలమంది జమచేసిన సొమ్ము, ఒక వృత్తి గౌరవం ఆ చిన్న నియమాల మీదనే ఆధారపడి ఉన్నాయి. రేపు వైద్యులుగా, చికిత్సకులుగా, లెక్కలు రాసేవారుగా, బీమా ఉద్యోగులుగా మారబోయే యువత చేతిలోకి ఆ కలం త్వరలోనే వస్తుంది. ఆనాడు పన్నెండవ గడి ముందు ఆ కలం నిటారుగా నిలవాలి.